పదమూడు పలముల వెన్న

గడచిన క్రిస్మసునాడు తెనాలిలోని మా యింటికి పదకొండు కేకులు వచ్చినవి. పదకొండును అట్టపెట్టెలలోనే వచ్చినవి. పెట్టెమీద బేకరీ పేరు, పేరుక్రింద ఫోను నంబరు, లోపల గులాబిరంగు క్రీముతో తీర్చిన పువ్వులు, కోసికొనుటకు పెట్టెతోపాటే యిచ్చిన ప్లాస్టికు కత్తి. మధ్యాహ్నము భోజనములైన పిమ్మట ఆ పెట్టెల నొకదానిపై నొకటి పేర్చి పెరటిలో పెట్టుచు మా కోడలు, "ఒక్క గిన్నె కడిగే పని లేదు మామయ్యగారూ, హాయి!" అన్నది. ఆ అమ్మాయి తప్పేమియు అనలేదు. కాని ఆ మాటతో నాకు స్ఫురించినది: ఈ పండుగకు మా యింటికి ఒక్క పళ్ళెమైనను రాలేదు. పళ్ళెము రాలేదు గనుక తిరిగి పంపవలసిన పళ్ళెము లేదు. తిరిగి పంపవలసినది లేదు గనుక అందులో ఏమి వేసి పంపవలెనన్న యోచనయు లేదు. నా బాల్యమున క్రిస్మసునకు ముందు నాలుగు దినములు మా యింట నడచిన లెక్క యంతయు పళ్ళెముల లెక్కయే. అది ఎప్పుడు ఆగిపోయెనో నేను గమనింపనే లేదు.

*

మా నాన్నగారు రేపల్లెలో మిషను బడి ఉపాధ్యాయులు. తెనాలినుండి వేమూరు, భట్టిప్రోలు మీదుగా వచ్చు రైలుమార్గము రేపల్లెలో ముగియును. అటుపైన పెనుమూడి రేవు, కృష్ణ, ఆవలిగట్టున దివిసీమ. ఆ ఊరిలో బడికి వెనుక రెండు గదుల పెంకుటిల్లు, చుట్టును తాటాకు దడి, ఒక పాడిగేదె, పది పదునైదు నాటుకోళ్ళు; వీటన్నిటిపైని మా నాయనమ్మ అధికారము.

ఆగమనకాలపు మూడవ ఆదివారమున గుడినుండి రాగానే నాయనమ్మ వంటయింటి గుమ్మములో నిలిచి, "ఇక నెయ్యి లేదు" అని ప్రకటించెడిది. ఆనాటినుండి వెన్న కాచుట ఆగును. పప్పన్నములోనికి ఎవరును నెయ్యి అడుగరాదు. మా చిన్నతమ్ముడొక పర్యాయము అడిగి, "యేసుప్రభువు పశువుల తొట్టిలో పడుకున్నాడు, నీకు నేతిచుక్క లేకపోతే ముద్ద దిగదా?" అను ప్రత్యుత్తరము పొందెను.

దాలిగుంటలో పిడకల సెగపై పొద్దస్తమానము కాగి ఎఱ్ఱబారిన గేదెపాలు, రాత్రి తోడు, తెల్లవారుజామున కవ్వము. ఆ చప్పుడు మొదట పలుచగా జలజలమని, త్రాడు గుంజకు రాచుకొను కిఱ్ఱుమను ధ్వనితో కలిసి వినవచ్చెడిది. కొంతసేపటికి బరువెక్కి దబదబమనెడిది. అప్పుడు చన్నీళ్ళు చిలుకరించి కవ్వమును నెమ్మదిగా త్రిప్పవలెను. పక్కమీదినుండియే వెన్న పడిన క్షణమును మేము గుర్తించెడివారము. ఆ వెన్నను మూడు మారులు చన్నీళ్ళలో కడిగి, పిసికి, మజ్జిగనీరు పిండివేసి, కుండెడు నీళ్ళలో ముంచి, మూతికి గుడ్డకట్టి, ఉట్టిమీద పెట్టి, పూటపూటకు ఆ నీళ్ళు మార్చెడిది. డిసెంబరు చలిలో అది వారము దినములు నిలుచును. కొంచెము పులిసెడి మాట నిజమే. ఆ పులుపే తినేసోడాతో కలిసి కేకును పొంగించునని నాకు కళాశాలలో రసాయనశాస్త్రము చదివిన పిమ్మట తెలిసినది. "పులిస్తేనే పొంగుద్ది" అని మాత్రమే నాయనమ్మ అనెడిది. అట్లపిండికిని కేకునకును ఆమెకు సూత్ర మొక్కటే.

*

1842వ సంవత్సరము జూలై 31న హయ్యరు అను అమెరికా బోధకుడు గుంటూరు చేరినది మొదలు ఈ సీమలో లూథరను మిషను బంగళాలు ఒకటొకటిగా లేచినవి. బంగళాతో వంటయిల్లు, వంటయింటితో బట్లరు, ఆయా. నాయనమ్మ తల్లి అట్టి యొక బంగళాలో ఆయా. దొరసానిగారు పుస్తకము చూచి చేయించిన వంటకములలో మా కుటుంబమునకు దిగినది ఇదొక్కటియే. వెన్న ఒక పౌను, చక్కెర ఒక పౌను, పిండి ఒక పౌను, గుడ్లు ఒక పౌను. కనుకనే పౌను కేకని పేరు. ఆ తెల్లవారి పౌనును మా ముత్తవ్వ తన తూనికలోనికి దించుకొన్నది. మూడు తులములు పలము, ఎనిమిది పలములు శేరు, ఐదు శేర్లు వీశె అను నానాటి లెక్కలో పౌను ముప్పదితొమ్మిది తులములకు రవ్వంత తక్కువ. అనగా పదమూడు పలములు. పిదప కిలోలు వచ్చి, వీశెలును పలములును అంగళ్ళనుండి తొలగిపోయినను, మా యింట క్రిస్మసునకు మాత్రము పదమూడు పలములే నిలిచినవి.

నిజమునకు తూనికరాళ్ళతో పని లేదు. తక్కెడ ఒక చిప్పలో పన్నెండు నాటుగుడ్లు పెట్టి, రెండవ చిప్పలో వెన్నముద్ద ఉంచి సరితూచి, వెన్న తీసి చక్కెర పోసి, చక్కెర తీసి పిండి పోసి, మూడుసార్లును ముల్లు నిలిచినదాక చూచిన చాలును. "గుడ్డు ఎంత చెబితే అంత" అనెడిది నాయనమ్మ. కొక్కెర తెగులు తగిలి కోళ్ళు రాలిపోయిన యొక యేడు ఎనిమిది గుడ్లే చేతికి దొరకినవి. ఆ యేటి కేకు ఎనిమిది గుడ్లంత. అప్పు తెచ్చి పన్నెండు చేయుట ఆమెకు సమ్మతము కాదు. దేవుడిచ్చిన దానిలోనుండి గదా ఇచ్చుట, ఎరువు తెచ్చి ఇచ్చిన కృతజ్ఞత ఎవరిదగును అని ఆమె వాదము. చక్కెర రేషను కార్డు మీద వచ్చెడిది. రెండు నెలలు మా కాఫీలలో బెల్లము కలిపి దానిని మిగిల్చెడివారు. బాపట్లలో మెట్టిన మా మేనత్త వేటపాలెపు జీడిపప్పు పొట్లము కట్టి పంపెడిది.

*

రాచ్చిప్పలో వెన్నయు, రోట దంచి జల్లించిన చక్కెరయు వేసి చేతితో గిలకొట్టుట నా వంతు. కుడివైపునకే త్రిప్పవలెను; ఎడమకు త్రిప్పిన విఱుగునని భయపెట్టెడివారు, అందులో నిజమెంతయో నేడును నేనెఱుగను. మోచేయి పీకి, భుజము మొద్దుబారి, ఆ ముద్ద క్రమముగా మల్లెపువ్వు తెలుపు తిరిగినప్పుడు, నాయనమ్మ చెంబుడు నీళ్ళు తెచ్చి అందులో గోరంత వేసి చూచెడిది. తేలిన సరే, మునిగిన మరల త్రిప్పుటయే. గారెలపిండికి చేయు పరీక్షయే ఇది. వట్టి వెన్న ఎట్లును నీటిపై తేలును. అంత చక్కెర మోయుచును తేలినదనగా లోపల చాలినంత గాలి చేరినదన్నమాట. ఆ పిమ్మట ఒక్కొక్క గుడ్డు, ఆపైన మైదా, ఏలకుల పొడి, జాజికాయ గీకినది.

మాకు ఓవెను లేదు. పెద్ద డేగిసాలో పెనుమూడి రేవునుండి తెచ్చి, కడిగి, ఎండబెట్టి, జల్లించిన కృష్ణ ఇసుక నాలుగు వ్రేళ్ళ మందము పోసి, దానిని పొయ్యిమీద కాలనిచ్చి, మూడు గులకరాళ్ళపై పిండి నింపిన రేకు డబ్బాను నిలిపి, పైన మూకుడు మూసి, మూకుటిలో చింతనిప్పులు పోసెడివారు. అడుగున సెగ, మీద సెగ. ఇంట గడియారము లేనందున కీర్తనలే గడియారము. రెండు కీర్తనలకు పైనిప్పులు మార్చవలెను, ఆరు కీర్తనలకు మూత తీయవలెను. ఇందుకు పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలే శ్రేష్ఠమని మా యింట నిశ్చయమైన అభిప్రాయము. చరణములు అధికము గదా. పాడునంతసేపు పిల్లలు పరుగెత్తరాదు, తలుపు ధడాలున వేయరాదు; వేసినచో కేకు నడుము కుంగును. ఐదవ కీర్తన నడుమ వెన్నయు జాజికాయయు కలిసిన వాసన మూకుడు అంచునుండి వెలువడి, దడి దాటి, బడి ఆవరణమును దాటి, రోడ్డుమీద పోవువారిచేత "మేస్టారింట్లో రొట్టె కాలుస్తున్నారు" అనిపించెడిది. చివరకు కొత్త చీపురునుండి విఱచిన ఈనెపుల్లను గ్రుచ్చి చూచి, పుల్లకు తడి అంటనిచో, "స్తోత్రం" అని దింపెడిది.

నాన్నగారికి తెనాలి బదిలీ అయిన తరువాత ఇసుక డేగిసా అటకెక్కినది. తెనాలిలో సాయిబుగారి రొట్టెల కొట్టు ఉండెను. క్రిస్మసు ముందటి మూడు రాత్రులు కిరస్తానీ ఇండ్లవారందఱు పిండి కలిపిన డబ్బాలతో అక్కడ బారులు తీరెడివారు. ఆ భట్టీలో మొదటి వేడిలో కేకు పెట్టిన పైన మాడి లోన పచ్చిగా నుండును. రొట్టెలు కాలి దిగిన పిమ్మట తగ్గుచు వచ్చు వేడియే కేకునకు తగినది. ఆయన చిటికెడు పిండి భట్టీ నేలపై చల్లి, అది నల్లబడక మెల్లగా ఎఱ్ఱబారువఱకు కాచి, "లావండి" అని పిలిచి, పొడుగుపాటి చెక్కపారపై డబ్బాలను లోనికి త్రోసెడివాడు. మా డబ్బాకు పసుపుత్రాడు గుర్తు. ఒకసారి త్రాడు కాలిపోయి వేరొకరి కేకు మా యింటికి వచ్చినది. నాయనమ్మ అంచు త్రుంచి నోట వేసికొని, "డాల్డా" అని ఒక్క మాట అని, దానిని నాచేతనే తిప్పి పంపినది.

*

కేకు కోయుట క్రిస్మసు ముందటినాటి సాయంకాలము. కోయుటకు ముందు పట్టిక చదువవలెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము చివరి తెల్లకాగితములపై నాయనమ్మ పెన్సిలుతో, బండి చక్రములంత అక్షరములతో, సంవత్సరము పొడుగునను వ్రాసికొన్న పట్టిక అది. అందులో పేర్లు బహు తక్కువ. "పాము కరిచిన రాత్రి లాంతరు పట్టుకొచ్చినతను." "గేదె ఈనేటప్పుడు నిద్ర మానుకున్న ముసలాయన." "పిల్లోడి జొరానికి డబ్బు అడగని కాంపౌండరు." "కాలవగట్టు ఆమె, గుడ్లు నాలుగు." "మనియార్డరు కాయితం చదివిపెట్టిన పోస్టాయన." ఒక్కొక్క పంక్తి చదివి, ఇతని చేతులద్వారా నీవు చేసిన మేలునకు స్తోత్రమని ప్రార్థించి, ఒక ముక్క కోసెడిది. అరువది ముక్కలు వచ్చెడివి. "స్తోత్రం దేవుడికి, ముక్క మనిషికి" అని ఆమె పంపకము. ఒకరికిచ్చి రెండవవారిని ఎగవేయరాదు. అందినవారి పంక్తికెదురుగా మరునాడు చిన్న సిలువ గుర్తు పెట్టెడిది. ఇంటివారికి మిగులునది అంచులు, పొడి, డబ్బాకంటిన మాడు. మాడే రుచియని మేము వాదించుకొనెడివారము.

పళ్ళెమునిండ ముక్కలు పేర్చి, అల్లికగుడ్డ కప్పి, మా చేతులకిచ్చి పంపెడివారు. ఒట్టి పళ్ళెము తిప్పి పంపరాదన్నది ఊరందఱి నియమము కనుక, అవి గుప్పెడు చక్కెరతోనో, బెల్లపుగడ్డతోనో తిరిగివచ్చెడివి. కొన్ని సంక్రాంతివఱకు ఆగి అరిసెలతో వచ్చెడివి.

అన్ని గడపలును మా పళ్ళెమునకు తెఱచియుండెనని వ్రాసినచో అది అబద్ధము. మా తాతముత్తాతలు ఏ పల్లెనుండి వచ్చిరో రేపల్లెలో అందఱికిని తెలియును. ఈ గుంటూరు సీమలోనే పుట్టిన కవి జాషువా 1941లో, తన కావ్యమున, గుడిలోనికి అడుగుపెట్టనీయబడని మనుష్యునిచేత గబ్బిలముతో కబురు పంపించెను. గబ్బిలము గుడిలోనికి పోగలదు, మా పళ్ళెము కొన్ని యిండ్ల అరుగు దాటలేదు. "అక్కడ పెట్టి పో" అనెడివారు. ఆ ముక్కలు గొడ్లసావిడికి చేరెనని పాలేరు కుఱ్ఱవాడు మాతో చెప్పెడివాడు. నాయనమ్మకు తెలియకపోలేదు. పట్టికలో వారి పంక్తికిని సిలువ గుర్తు పడెడిది: "నా బాకీ నేను తీర్చాను, వాళ్ళు ఏం చేసుకుంటే నాకేం?" అని.

మఱియొక యింటి యిల్లాలు, మడి ఆచారము గలది, నన్ను పెరటివైపునకు రమ్మని సైగ చేసెడిది. బావిగట్టున నిలిచి, "గుడ్డు వేశారట్రా?" అని అడిగి, నేను నోరు తెఱవకముందే, "చెప్పకు, చెప్పకు" అని, ముక్కను రెండు గుటకలలో మ్రింగి, పెదవులు కొంగుతో తుడుచుకొని, పళ్ళెమును తానే తోమి, సున్నుండలు పోసి ఇచ్చెడిది. ఆమె మా నాన్నగారి ఉద్యోగము పోకుండ తన భర్తతో చెప్పి కాపాడినదట. పట్టికలో ఆమె పంక్తి ఏ యేడును తప్పలేదు.

*

బాపట్ల మేనత్తకు కేకు నేనే రైలులో మోసికొనిపోయెడివాడను. తెనాలిలో బండి మారి, చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల మీదుగా పోవలెను. బాపట్ల అమెరికను బాప్తిస్టు మిషనువారి సీమ. మేనత్త మామగారు, 1878 జూలై 3న గుండ్లకమ్మలో క్లౌదొరగారి కాలమున ఒక్క దినముననే బాప్తిస్మము పొందిన 2,222 మందిలో తమ తాత యొకరని, ప్రతి యేడు నేను కూర్చుండకముందే చెప్పి, "మీ లూథరనువాళ్ళు చిలకరించి ఊరుకుంటారు, మేం ముంచుతాం" అని, కేకు ముక్కను కాఫీలో నిలువున ముంచి చూపించెడివారు. ఆ కాఫీ, ఆ నవ్వు, సూర్యలంక వైపునుండి వచ్చు ఉప్పుగాలి ఇప్పటికిని నాకు గుర్తే. ఆ దారిలోని చుండూరులోనే 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపిరి. నాటినుండి ఆ స్టేషనులో బండి ఆగినప్పుడు నేను కిటికీనుండి బయటికి చూడలేదు.

1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలోను, ఈవలిగట్టునను పదివేలకు పైగా జనులు పోయిరి. అప్పటికి నేను తెనాలిలో ఉద్యోగములో కుదిరితిని. పదవీవిరమణానంతరము నాన్నగారు నాయనమ్మతో తిరిగి రేపల్లె చేరి అక్కడనే ఉండిరి. నేను పోయి చూచునప్పటికి దడి లేదు, గేదె లేదు, కోడి యొక్కటియు లేదు. క్రిస్మసునకు నెల దినములు. ఈ యేడు కేకేమిటని నాన్నగారనగా, "ఈ యేడే పట్టిక పొడుగు" అన్నది నాయనమ్మ. తడిసి ఉబ్బిన కీర్తనల పుస్తకమునకు మఱి నాలుగు కాగితములు కుట్టించినది. సహాయ శిబిరములో ఇచ్చిన గోధుమపిండి, బెల్లము, నీళ్ళు. వెన్న లేదు, గుడ్డు లేదు. అది పొంగలేదు, చెక్కవలె గట్టిగా వచ్చినది. ఎవరును పేరు పెట్టలేదు. అదియే ఆమె చేసిన చివరి కేకు.

*

పోయిన దానికి కన్నీరు కార్చుట సులభము. ఆ చింతనిప్పుల పొగలో మా అమ్మ కన్నులు ఎంత మండెనో, ఉద్యోగము చేసి సాయంకాలము ఆరు గంటలకు ఇల్లు చేరు మా కోడలిని కవ్వము పట్టుమనుట ఎంత అన్యాయమో నేనెఱుగుదును. అంతకంటె పెద్ద మాట యొకటి కలదు: మొన్నటి పదకొండు పెట్టెలలో ఏడు హిందువుల యిండ్లనుండి వచ్చినవి. అందులో నొకటి, నా చిన్ననాట "అక్కడ పెట్టి పో" అన్న యింటి మనుమడు తెనాలిలో కాపురముండి, తానే తెచ్చి, లోపలికి వచ్చి, మా బల్లవద్ద కూర్చుండి, నాతో కలిసి తిన్నది. నాయనమ్మ ఇది చూచియుండినచో పట్టికలో ఏమి వ్రాసికొనెడిదో!

అయినను ఆ పెట్టెలు పంపినవారిని నేను లెక్కించి చూచితిని. అందఱును మేము పంపినవారే. మేము పంపినదియు వారికే. లాంతరు పట్టినవాడు, కాంపౌండరు, కాలువగట్టు ఆమె, ఈ లెక్కలో ఎక్కడను లేరు. మా యింటికి పాలు తెచ్చువాని పేరేమని కోడలి నడిగితిని. ఫోనులో చూచి చెప్పినది.

నాయనమ్మ పుస్తకము నాయొద్దనే ఉన్నది. ప్రతి యేటి పట్టికకును చివర ఒక పంక్తి మారకుండ కనిపించును: "రైల్లో చోటిచ్చినామె." దానికెదురుగా ఏ యేటను సిలువ గుర్తు లేదు. నాన్నగారు కడుపున ఉన్నప్పుడు ఆమె నొప్పులతో రేపల్లె బండిలో గుంటూరు కుగ్లరు ఆసుపత్రికి పోవుచుండగా, కిక్కిరిసిన పెట్టెలో ఎవరో యొకామె తన చోటిచ్చి, తెనాలివఱకు నిలుచుండి, చెమట తుడిచి, పేరైనను చెప్పకుండ దిగిపోయినదట. ఆమె ముక్కను నాయనమ్మ ప్రతి క్రిస్మసునకు రైలులోనికి తీసికొనిపోయెడిది.

ఒక యేడు నేను వెంట ఉంటిని. వేమూరులో చేపలగంపతో ఒక ముసలామె యెక్కి మా యెదుట నేలపై కూలబడినది. నాయనమ్మ జరిగి, ఆమెను బల్లపై కూర్చుండబెట్టి, గుడ్డ విప్పి ముక్కను ముందుకు చాచినది.

"నాకెందుకమ్మా? మీరెవరో నేనెవరో."

"నీకు బాకీ ఉన్నానులే, తిను."

"నాకా?"

ఆమె ముక్కను వాసన చూచి, సగము తిని, తక్కిన సగము పైటకొంగున ముడివేసికొన్నది. తెనాలిలో దిగునప్పుడు గంపను తలకెత్తుమని నన్నడిగినది, ఎత్తితిని. నాయనమ్మ పుస్తకము తెఱచి, పెన్సిలు తీసి, ఆమె పోయిన వైపు కొంతసేపు చూచి, ఏమియు వ్రాయకయే మూసినది.